కాగితం మీదికి ఎక్కిన ఏడేళ్లు

తిరుపతిలోని నా భర్త ఇంటి నుంచి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని బయటపడిన రాత్రి నా దగ్గర ఆధార్ కార్డు, పాప బడి సంచి, మా చెల్లెలు ఎప్పుడో చేతిలో పెట్టిన ఐదు వందల రూపాయలు మాత్రమే ఉన్నాయి. అంతకు ముందు ఒకసారి పోలీస్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు, సంసారమన్నాక సర్దుకుపోవాలని చెప్పి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, అతని వెంటే నన్ను ఇంటికి పంపించారు. అందువల్ల ఈసారి బస్టాండులో కూర్చొని మహిళల సహాయవాణి 181కు ఫోన్ చేశాను.

వాళ్లు నన్ను సఖి కేంద్రానికి చేర్చారు. అక్కడ వైద్యం, న్యాయ సలహా, పోలీసు సహాయం ఒకే చోట అందుతాయి, ఐదు రోజుల వరకు ఉండనిస్తారు. మరునాడు ఆసుపత్రిలో డాక్టరు చెవికి దెబ్బ ఎలా తగిలిందని అడిగినప్పుడు, జారి పడ్డానన్న పాత మాటే నోటిదాకా వచ్చింది. నిజం చెప్పాను, ఆమె దాన్ని అలాగే రాసుకుంది. తర్వాత కోర్టులో ఆ చీటీయే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికి వచ్చింది.

గృహ హింస చట్టం కింద నియమించిన రక్షణ అధికారి డీఐఆర్, అంటే ఇంట్లో జరిగిన హింస మీద నివేదిక, రాయడానికి కూర్చున్నప్పుడు, ఏ తేదీన ఏం జరిగిందో చెప్పమని అడిగారు. నాకు ఒక్క తేదీ కూడా గుర్తు లేదు. గంగ జాతరలో బండ వేషం కట్టే రోజున, బాబుకు అన్నప్రాశన చేసిన వారంలో, మా నాన్న దినాలకు నన్ను పంపనన్నప్పుడు, ఇలా మాత్రమే చెప్పగలిగాను. ఆవిడ విసుక్కోలేదు. పాత క్యాలెండరు తెప్పించి, ఒక్కో గుర్తుకు ఒక్కో తేదీ పట్టుకుంటూ రెండున్నర గంటలు రాశారు. ఏడేళ్ల పాటు నా ఒంటికి మాత్రమే తెలిసిన సంగతులు వరుసగా కాగితం మీద కనిపించినప్పుడు, ఇదంతా నేను ఊహించుకున్నది కాదని నాకు మొదటిసారి గట్టిగా అనిపించింది.

అక్కడి నుంచి చిత్తూరులోని ఆశ్రయ గృహానికి పంపారు. డీఐఆర్ రాయించలేదన్న కారణంతో అలాంటి చోట ఎవరినీ కాదనకూడదని, మనం కోరితే మన ఆచూకీ భర్తకు చెప్పకూడదని నిబంధనల్లోనే ఉందట. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే రెండేళ్ల కిందటే బయలుదేరేదాన్ని. మా పాప మాత్రం మొదటి పదిరోజులూ చెప్పులు వేసుకునే పడుకుంది. ఎందుకమ్మా అంటే, "మళ్లీ పరిగెత్తాల్సి వస్తే వెతుక్కోవాలి కదా" అంది. టీసీ లేదన్న బెంగ కూడా ఉండేది కానీ, అది రాలేదని ప్రభుత్వ బడిలో చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతున్నందున మూడో తరగతిలో చేర్చుకున్నారు.

భర్తకు జీతం ఉంది కాబట్టి ఉచిత న్యాయ సహాయం రాదేమోనని భయపడ్డాను. ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అది ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉందని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో చెప్పి, వకీలును పెట్టారు. తాత్కాలికంగా ఉంటున్న ఊరిలో కూడా కేసు వేయవచ్చు కాబట్టి తిరుపతికి తిరిగే పని తప్పింది. ఇల్లు అత్తగారి పేరున ఉన్నా అందులో నివసించే హక్కు అడగవచ్చని, 2020లో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచిందని వకీలు చెప్పారు కానీ, నేను ఆ గుమ్మం తొక్కనన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా రక్షణ ఉత్తర్వు, పిల్లల సంరక్షణ, నెలనెలా భరణం మాత్రమే అడిగారు.

మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చని తెలిశాక అతని ఫోన్లు ఆగిపోయాయి. ఇలాంటి కేసును 60 రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, నాది తొమ్మిదో నెలలో నడుస్తోంది. భరణం రెండు నెలలు వచ్చి ఆగింది. దాని వసూలు కోసం వేసిన అర్జీ వచ్చే వాయిదాకు ఉంది. ఆ రోజు పాపకు పరీక్ష కాబట్టి నేనొక్కదాన్నే వెళ్తున్నాను.