కేసు షీటు

2024 ఆగస్టులో అమ్మకి మోకాలి ఆపరేషన్ అని తిరుపతి వచ్చాను. రెండు నెలలు అనుకున్నది నాలుగు నెలలైంది. మా ఆయన, పాప అక్కడ అమెరికాలో, నార్త్ కరొలైనాలోని కేరీలో, నేను ఇక్కడ కొర్లగుంటలో. అలా అమెరికా పౌరసత్వం వచ్చాక అధ్యక్షుడి కోసం నేను వేసిన మొదటి ఓటు అమ్మ మంచం పక్కన, గంటగంటకీ ఐస్ ప్యాక్ మారుస్తూ వేసిన ఓటయింది.

నార్త్ కరొలైనాలో ఓటరుగా పేరు రాయించుకున్నప్పుడు పార్టీ అనే గడిలో 'ఏ పార్టీ కాదు' అని పెట్టాను. మా రాష్ట్రంలో ఇప్పుడు అలాంటి ఓటర్లే ఎక్కువ, రెండు పార్టీల్లో ఏ ఒక్కదాని కంటే కూడా. ఆలోచనల్లో నేను లిబరల్‌నే, దాచుకోను. ఆడదాని ఒంటి మీద నిర్ణయం ఆడదానిదే. ఎవరి దేవుణ్ణి వాళ్లు మొక్కుకోవాలి. కోర్టు చెప్తే ప్రభుత్వం వినాలి. కానీ జెండా మోయడం మాత్రం నా వల్ల కాదు.

ఇది నాన్న నుంచి వచ్చిన జబ్బు. 1969 రాష్ట్రపతి ఎన్నికప్పుడు ఆయన ఎస్వీ యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. ఒకవైపు సంజీవరెడ్డి, మన సీమ మనిషి, కాంగ్రెస్ నిలబెట్టిన అభ్యర్థి. ఇంకోవైపు వి.వి. గిరి, ఆయనా తెలుగువారే. ఇందిరమ్మేమో అంతరాత్మ ప్రబోధం ప్రకారం వేయమంది. హాస్టలంతా రెండు ముక్కలైతే నాన్న రెండు గదులకీ వెళ్లి రెండు పక్షాల లోపాలూ చెప్పి, రెండు చోట్లా తిట్లు తిని వచ్చేవాడట. చివరికి మొదటి లెక్కలో ఎవరికీ మెజారిటీ రాక, మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లలో రెండో ప్రాధాన్యం లెక్కపెడితే గిరి గెలిచారు. ఆ ఎన్నికలో ఓటు ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ తప్ప ఎవరికీ లేదు. తనకి ఓటే లేని ఎన్నిక గురించి అంత కొట్టుకున్న మనిషి మా నాన్న.

నా బ్యాలెట్ ఆలస్యంగా వచ్చింది. సెప్టెంబరు 6న పంపాల్సింది. స్వతంత్రంగా నిలబడిన రాబర్ట్ కెనెడీ జూనియర్ ఆగస్టులో పోటీ నుంచి తప్పుకుని, బ్యాలెట్‌లో నా పేరు తీసేయండని కోర్టుకి వెళ్లాడు. అప్పటికే లక్షల కాగితాలు అచ్చయిపోయాయి. తీయాల్సిందేనని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పడంతో మళ్లీ అచ్చు వేసి, విదేశాల్లో ఉన్నవాళ్లకి 20న పంపారు. ఆన్‌లైన్‌లో తెరిచి చూస్తే ఆరు పేర్లు. రిపబ్లికన్ ట్రంప్, డెమొక్రాట్ కమలా హారిస్, లిబర్టేరియన్ పార్టీ చేజ్ ఆలివర్, గ్రీన్ పార్టీ జిల్ స్టైన్, కార్నెల్ వెస్ట్, రాండల్ టెర్రీ.

"ఆరు మందా? నోటా లేదా?" అంది అమ్మ, ల్యాప్‌టాప్‌లోకి వంగి.

"నెవాడా అని ఒక్క రాష్ట్రంలో అలాంటిది ఉంది. మాకు లేదు."

"మాకుండాది," అంది. మే 13న వాకర్ పట్టుకుని పోయి ఓటు వేసి వచ్చిన మనిషి. ఆ గీర ఉంటుంది మరి.

బ్యాలెట్ వచ్చాక నాలుగు వారాలు దాన్ని అలాగే పెట్టుకుని కూర్చున్నాను. ఈలోగా బంధువుల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. చెన్నైలో ఉండే పిన్ని వర్గానికి 'మన కమల'. ఆమె తాతగారి ఊరు తులసేంద్రపురంలో ఆమె కోసం పూజలు చేసిన వీడియోలు పొద్దున్నే వచ్చేవి. తణుకు వైపు సంబంధం ఉన్న బాబాయి వర్గానికి ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడిన జె.డి. వాన్స్ 'తెలుగింటి అల్లుడు', ఎందుకంటే ఉషా వాన్స్ కుటుంబం మూలాలు వడ్లూరులో ఉన్నాయి. ఊరు చూసి వేసేటట్లయితే నేను కొర్లగుంట వాళ్లకే వేయాలి.

మా ఆయన వాదన వేరు. గ్రీన్ కార్డు లైన్లో పదకొండేళ్లు నిలబడ్డాం. ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న రూలు వల్ల మనవాళ్ల లైను కదలదు. ఆ లైన్లో నిలబడినవాడికి సరిహద్దు మాట వినగానే మండుతుంది. పైగా అక్కడి కాలేజీలో చదివితే డిగ్రీతో పాటు గ్రీన్ కార్డు ఇచ్చేయాలని ట్రంప్ జూన్‌లో అన్నాడు. నేను గుర్తు చేసింది ఇంకోటి. ఆయన మొదటి పాలనలో హెచ్1బి వాళ్ల మీద ఆధారపడి హెచ్4 వీసాతో ఉండే భార్యల ఉద్యోగ అనుమతి తీసేస్తామని నాలుగేళ్లు ప్రకటిస్తూనే ఉన్నారు. చివరికి తీయలేదు. కానీ మా గ్రీన్ కార్డు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. మా ఆయనకి ఉండేది.

ట్రంప్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చాను. కొన్ని డ్రగ్స్ నేరాలకి ఏళ్లకేళ్లు జైల్లో పెట్టే శిక్షలు తగ్గించిన 2018 చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. లిబరల్స్ ఎన్నో ఏళ్లు అడిగిన పని అది. హారిస్ మీద నా ఫిర్యాదులు కూడా చిన్నవేం కాదు. జులై 21న బైడెన్ తప్పుకున్నాడు, రెండు వారాలు తిరిగేసరికి ఆమె అభ్యర్థి అయిపోయింది, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. 2019లో ఫ్రాకింగ్ (భూమి లోపలి రాళ్లని పగలగొట్టి గ్యాస్, చమురు తీయడం) నిషేధిస్తానంది, ఈసారి నిషేధించనంది. బైడెన్ కంటే మీరు వేరుగా ఏం చేసేవారు అని టీవీలో అడిగితే ఏమీ తట్టడం లేదంది. గాజాలో రోజూ పిల్లలు చనిపోతుంటే ఆ జవాబు నాకు గొంతు దిగలేదు. రెండు రాత్రులు జిల్ స్టైన్ పేరు మీద కర్సర్ పెట్టి తీశాను. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్లతో డెమొక్రాట్ అభ్యర్థి గోర్ ఓడిపోవడం, అక్కడ గ్రీన్ పార్టీ నేడర్‌కి 97 వేలకు పైగా రావడం చదువుకున్నదాన్ని. నాన్న చెప్పిన ఆ రెండో ప్రాధాన్యం మెయిన్ అనే రాష్ట్రంలో ఉంది, మాకు లేదు.

అబార్షన్ సంగతికి వస్తే మాత్రం నాకు తూకం అక్కర్లేదు. 2023లో మా రాష్ట్రంలో పన్నెండు వారాలకి కుదించారు. అమ్మ ముప్పై రెండేళ్లు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. "మాకు 71లోనే చట్టమొచ్చింది గదా. మీ దేశంలో ఇంకా దాన్నే పట్టుకోని ఏడస్తా ఉండారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అక్టోబరు 16న వాన. బ్రహ్మోత్సవాలైపోయి నాలుగు రోజులు. రెడ్ అలర్ట్ అని బడులకి సెలవిచ్చారు, వీధి చివర నీళ్లు మోకాటి దాకా. కరెంటు లేదు. చీకట్లో అమ్మ ఉన్నట్టుండి నైట్ డ్యూటీ కథ ఎత్తింది. అప్పట్లో వార్డులో ఇద్దరు డాక్టర్లు. ఒకాయన చెయ్యి మంచిది, మాట తీపి, పేషెంట్లు దేవుడనేవాళ్లు. ఇంకొకాయన నసుగుడు మనిషి, ఒక నిర్ణయం తీసుకోవడానికి అరగంట. ఒక రాత్రి ఒంటిగంట ఇరవైకి మొదటాయనకి ఫోన్ చేయించి, టైము కేసు షీటులో రాసుకుంది. ఆయన నాలుగు దాటాక వచ్చాడు. పేషెంటు ఎలాగో బతికింది. పొద్దున్నే కేసు షీటు తెమ్మని, పెన్ను తీసి, ఒకటిని నాలుగు చేశాడు.

"ఎంతసేపు పాపా? రెండు గీతలు. 1.20 కాస్తా 4.20 అయిపోయె. నేనే లేటుగా పిలిచినట్టు."

"మరి ఆ రెండో ఆయన?"

"ఆయన కూడా తప్పులు చేసినాడు. ఒకసారి డోసు ఎక్కువిచ్చి, ఎక్కువిచ్చినానని ఆయనే రాసి సంతకం పెట్టినాడు. మెమో కూడా తీసుకున్నాడు." కాసేపాగి, "మీ ఇద్దర్లో షీటు దిద్దేదెవరు?" అంది.

ట్రంప్ ఫోన్ రికార్డింగు ఒకటి ప్రపంచమంతా విన్నదే. 2020లో జార్జియాలో 11,779 ఓట్ల తేడాతో ఓడిపోయి, 11,780 ఓట్లు వెతకాలని ఆ రాష్ట్ర అధికారితో ట్రంప్ అన్న మాట. నేనూ విన్నాను, అప్పట్లోనే. కానీ నెల రోజులుగా ధరలు, సరిహద్దు, గాజా, గ్రీన్ కార్డు అని పక్కపక్కన పెట్టి తూస్తున్న లిస్టులో దాన్ని కూడా ఒక అంశంలా, ఆరో నంబరుగా రాసుకున్నాను. మిగతా ఐదూ ఏమైందో తెలియాలంటే షీటు సరిగ్గా ఉండాలి కదా అన్నది తట్టలేదు. హారిస్ మీద నా కోపం అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది. తెల్లారి కరెంటు రాగానే ఆమెకే వేశాను.

ఆ బ్యాలెట్ అక్కడితో అయిపోదు. గవర్నర్ నుంచి వ్యవసాయం, ఇన్సూరెన్స్ చూసేవాళ్ల దాకా రాష్ట్రంలో పది పదవులు, ఆపైన జడ్జీలు. గవర్నర్‌కి జాష్ స్టైన్ (జిల్ స్టైన్‌కి ఏమీ కాడు), ఖజానా చూసే పదవికి ఒక రిపబ్లికన్. ఇక్కడిదాకా చదివే వేశాను. ఆ తర్వాత అమ్మ కాలు లాగుతోందంది.

నవంబరు 6 ఉదయానికి తెలిసిపోయింది. మా రాష్ట్రంలో ట్రంప్ గెలిచాడు, జాష్ స్టైనూ గెలిచాడు, ఒకే రోజు, అవే బ్యాలెట్ల మీద. హారిస్ గెలిచినాయనకి ఫోన్ చేసి ఓటమి ఒప్పుకుంది. మా ఆయన జాలిగా మెసేజ్ పెట్టాడు. అమ్మ టీవీలో ఆమె ప్రసంగం ముక్క చూసి, "రాసి సంతకం పెట్టింది," అని ఛానల్ మార్చేసింది.

నేను డిసెంబరులో కేరీ వచ్చేశాను. గొడవంతా అప్పుడు మొదలైంది, అధ్యక్షుడి గురించి కాదు. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి పదవి ఒకటి 734 ఓట్లతో తేలింది, యాభై లక్షలకు పైగా పోలైతే. ఓడిన అభ్యర్థి వేల ఓట్లు లెక్కలోంచి తీసేయాలని కేసు వేశారు. అందులో కొన్ని కౌంటీల నుంచి, ఫొటో గుర్తింపు కార్డు పెట్టకుండా విదేశాల నుంచి వేసినవాళ్ల ఓట్లున్నాయి. మమ్మల్ని ఎవరూ అడగని కార్డు అది. ఆరు నెలలు నడిచింది. మే నెలలో ఫెడరల్ జడ్జి ఆ ఓట్లు చెల్లుతాయన్నాక, అభ్యర్థి ఓటమి ఒప్పుకున్నారు.

ఫోన్లో అమ్మకి ఇదంతా చెప్పాను.

"ఆ జడ్జిదానికి నువ్వు గూడా వేసినావా?"

"వేశా."

"ఇద్దరి గురించీ బాగా చదివే వేసినావా?"

లేదు. రెండు పేర్లు, పక్కన పార్టీ పేరు. ఏ పార్టీ కాదని గడిలో టిక్ పెట్టుకున్న నేను ఆ పార్టీ పేరు చూసి అర నిమిషంలో నొక్కేశాను.

"ఐస్ ప్యాక్ కరిగిపోతా ఉండింది మా," అన్నాను.