వ్యాలీ ఫోర్జ్‌లో బాబాయితో ఒక రోజు

ఫిలడెల్ఫియాకి కాస్త దూరంలో, స్కూల్‌కిల్ నది పక్కన ఉంది వ్యాలీ ఫోర్జ్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 డిసెంబర్ 19 నుంచి ఆరు నెలలు వాషింగ్టన్ సైన్యం ఇక్కడే విడిది చేసింది. గుంటూరు నుంచి వచ్చిన మా బాబాయిని తీసుకెళ్లాను. ఆయన గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ పొంది, హవల్దారుగా రిటైరయ్యారు.

ముందు జనరల్ మ్యూలెన్‌బర్గ్ దళం (బ్రిగేడ్) ఉన్నచోట గుడిసెలు చూశాం. పాతవి కావు, మళ్లీ కట్టినవి. ఎలా కట్టాలో డిసెంబర్ 18 నాటి ఉత్తర్వులోనే ఉంది: గుడిసె కొలత 14 అడుగులకి 16 అడుగులు, గోడ ఎత్తు ఆరున్నర అడుగులు, దుంగల సందుల్లో బంకమట్టి, పొయ్యి లోపల 18 అంగుళాల మందాన మట్టి పూత, తలుపు వీధి వైపు. ఒక్కో గుడిసెలో 12 మంది సిపాయిలు. రెజిమెంట్‌లో అందరికంటే ముందు, చక్కగా కట్టిన జట్టుకి 12 డాలర్ల బహుమతి. తల వంచి లోపలికెళ్తే గోడల వెంట మూడంతస్తుల చెక్క పడకలు. బాబాయి ఒకదాని మీద జానతో కొలిచి, "పక్కకి తిరగాలంటే కిందకి దిగాల్సిందే" అన్నారు. వాళ్లు తిన్నది చాలాసార్లు పిండీ నీళ్లూ కలిపి నిప్పుల మీద కాల్చిన రొట్టే. బట్టలూ చెప్పులూ లేక 2,898 మంది పనికి రాలేని స్థితిలో ఉన్నారని డిసెంబర్ 23న వాషింగ్టన్ అప్పటి అమెరికా ప్రతినిధుల సభ కాంగ్రెస్‌కి రాశాడు.

ఫిరంగులు మాత్రం శిబిరం మధ్యలో ఒకచోటే ఉండేవి. శత్రువు ఎటు నుంచి వచ్చినా అటు తరలించవచ్చని. వాటి అధిపతి హెన్రీ నాక్స్‌కి అప్పుడు 27 ఏళ్లు. బోస్టన్‌లో పుస్తకాల షాపు నడుపుతూ, ఆ పుస్తకాలు చదివే ఫిరంగి విద్య నేర్చుకున్నాడు. అక్కడ వరసగా నిలబెట్టిన ఫిరంగుల దగ్గర బాబాయి చాలాసేపు ఆగిపోయారు. గొట్టం వెనకవైపు పైనున్న చిన్న రంధ్రం మీద బొటనవేలు పెట్టి చూపించారు. తడి స్పాంజి కర్రతో గొట్టం తుడిచేటప్పుడూ, తుపాకిమందు సంచి దట్టించేటప్పుడూ ఒకడు ఈ రంధ్రం మూసి పట్టుకోవాలట. గాలి చొరబడి లోపల మిగిలిన నిప్పురవ్వ రాజుకుందా, ఎదురుగా కర్ర పట్టుకున్నవాడి చేతులు పోతాయి. "సరే, గుర్రాలకి మేత ఎవరు తెచ్చేవాళ్లురా?" అనడిగారు. అసలు ప్రశ్న అదే. మేత లేక ఆ చలికాలం వందల గుర్రాలు చచ్చిపోయాయి. గుర్రం లేనిదే ఫిరంగి కదలదు.

రోజూ హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చే ఉత్తర్వుల్ని కిందిస్థాయి వరకూ చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు. మొదట ఆ రోజు సంకేతపదాలు, తర్వాత కాపలా డ్యూటీలు, శిక్షలు. "మాకూ డైలీ ఆర్డర్ ఉండేది. రాత్రి పాస్‌వర్డ్ చెప్పకపోతే మా కమాండింగ్ ఆఫీసర్ సీవో సాబ్‌నైనా ఆపేసేవాళ్లం" అన్నారు బాబాయి. చచ్చిన గుర్రాల్ని పాతిపెట్టండి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంచండి అన్న ఉత్తర్వులు మాత్రం పదే పదే కనిపిస్తాయి. చెప్పినా జరగలేదనే కదా! అక్కడ దాదాపు 2,000 మంది చనిపోయింది శత్రువు గుండ్లకి కాదు, రోగాలకి. నా దృష్టిలో ఆ పుస్తకాల్లో అన్నిటికంటే విలువైనవి ఈ ఉత్తర్వులే.

ఫ్రాన్స్‌తో పొత్తు కుదిరిన సంబరానికి 1778 మే 6న ఇవే మైదానాల్లో 13 ఫిరంగులు మోగాయి. జూన్ 19న సైన్యం కదిలింది. తొమ్మిది రోజులకే న్యూజెర్సీలోని మన్మత్ యుద్ధంలో నాక్స్ ఫిరంగులు బ్రిటిష్ వాళ్లకి గట్టిగా బదులిచ్చాయి. అది మా ఇంటికి దగ్గరే. బాబాయి ఇండియా వెళ్లేలోపు అక్కడికీ వెళ్లాలని కారులోనే అనుకున్నాం.