వేవిళ్ళు లేని మూడు నెలలు: నా అనుభవం

గైనిక్ ఓపీలో నర్సుగా నా టేబుల్ దగ్గరికి వాంతులతో వచ్చేవాళ్ళు ఎందరో, వాంతులు రావట్లేదని వచ్చేవాళ్ళూ ఉన్నారు. “సిస్టర్, నెల తప్పి పది రోజులైంది. ఈపాటికి మా అక్క మంచం దిగలేకపోయింది. నాకేమో అన్నం హాయిగా సహిస్తోంది. లోపల ఏమైనా తేడా ఉందంటారా?” ఈ ప్రశ్నకు చాలామందికి జవాబు చెప్పాను. తర్వాత నా కడుపుతో నేనూ అదే దారిన నడిచాను. ఒక్క వాంతి లేదు, వాసనలు పడకపోవడం లేదు. రొమ్ములు నాలుగు రోజులు బరువుగా ఉండి తగ్గాయి. సాయంత్రాలు కాస్త నిద్ర ముంచుకొచ్చేది, అంతే. ఆ మూడు నెలల్లో ఎప్పుడు ఏ పరీక్ష చేయించాలి, దేనికి కంగారు పడక్కర్లేదు, దేనికి ఒక్క గంట కూడా ఆగకూడదు అన్నది రాస్తున్నాను. లెక్క తెలియడానికి నా తేదీలే వాడుతున్నాను.

ముందు తేదీ తేల్చుకోవాలి. లక్షణాలు లేనివాళ్ళకు అన్నిటికన్నా పెద్ద ఆధారం అదే. ఆఖరి బహిష్టు మొదలైన రోజు నుంచి వారాలు లెక్కపెడతారు. నాది మార్చి 3. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ళకు 14వ రోజు దగ్గర అండం విడుదలవుతుందన్న అంచనా మీద ఈ లెక్క నడుస్తుంది. నాకు 35 రోజులకోసారి వస్తుంది. అంటే అండం 21వ రోజు దగ్గర విడుదలై ఉంటుంది. కాబట్టి క్యాలెండర్ 6 వారాలు చూపిస్తే లోపల బిడ్డ వయసు 5 వారాలే. పీసీఓడీ (నెలసరిని తప్పించే అండాశయ సమస్య) ఉన్నవాళ్ళకు, బిడ్డకు పాలిస్తూ మళ్ళీ కడుపుతో ఉన్నవాళ్ళకు, గర్భనిరోధక మాత్రలు ఈ మధ్యే మానేసినవాళ్ళకు ఈ తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు. “ఆరు వారాలైనా వేవిళ్ళు లేవు” అని వచ్చేవాళ్ళలో కొందరికి అసలు ఆరు వారాలే నిండి ఉండవు.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే నెలలతో పోల్చుకుంటే ఇంకో చిక్కు. “రెండో నెలలో నాకు మంచినీళ్ళు కూడా ఇమిడేవి కావు” అని అత్తగారు అన్నారనుకోండి. ఆ రెండో నెల అంటే 5వ వారం కావచ్చు, 8వ వారం కావచ్చు. ఆ రెంటి మధ్య కడుపులో జరిగే మార్పు చాలా ఎక్కువ.

ఇంట్లో చేసుకునే కార్డు పరీక్ష నెల తప్పిన రోజు నుంచి చేసుకోవచ్చు. చాలా కార్డులు మూత్రంలో కడుపు వచ్చాక పుట్టే హెచ్‌సీజీ హార్మోను మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్లు ఉంటే పట్టుకుంటాయి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం శుభ్రమైన పొడి గిన్నెలో పట్టి, కిట్‌లో ఉన్న చిన్న డ్రాపర్‌తో ఎస్ అని రాసిన గుంటలో కవరు మీద చెప్పినన్ని చుక్కలు, సాధారణంగా మూడు, వేసి 5 నిమిషాలు ఆగాలి. సీ దగ్గర గీత రాకపోతే కార్డు పనికిరానిదని అర్థం. సీతో పాటు టీ దగ్గర ఎంత లేతగా రంగు గీత వచ్చినా పాజిటివే. అరగంట తర్వాత కనిపించే బూడిద రంగు మరకను లెక్కలోకి తీసుకోకూడదు. పల్లెల్లో ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది.

ఏప్రిల్ 9న నా కార్డు మీద టీ గీత చాలా లేతగా వచ్చింది. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గీత ముదురుతుందో లేదో చూద్దామని రోజూ ఒక కార్డు వాడతారు. గీత ముదురు ఆ రోజు తాగిన నీళ్ళను బట్టి కూడా మారుతుంది. రెండు నెలలు దాటాక హార్మోను మరీ ఎక్కువైనప్పుడు కార్డు దాన్ని సరిగా పట్టుకోలేక గీత లేతబడడమూ ఉంది. కార్డు పని కడుపు వచ్చిందా లేదా చెప్పడమే. బిడ్డ ఎలా ఉందో అది చెప్పలేదు. ఒకసారి పాజిటివ్ వచ్చాక ఇంక కార్డు కొనకండి.

ఇక వేవిళ్ళ సంగతి. పది మంది గర్భిణుల్లో ఏడెనిమిది మందికి ఏదో ఒక స్థాయిలో వికారం ఉంటుంది. మిగతా ఇద్దరు ముగ్గురికి ఉండదు. వచ్చేవాళ్ళకు కూడా ఎక్కువగా 6వ వారం దగ్గర మొదలై, 9వ వారం దగ్గర ముదిరి, 12 నుంచి 16 వారాల మధ్య తగ్గుతుంది. అందుకే 5వ వారంలో ఏమీ లేకపోవడం వింతేమీ కాదు. నిజానికి అందరూ పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది. వికారమే లేని మనిషికి 9వ వారం దాటాక కొత్తగా వాంతులు మొదలైతే వేవిళ్ళే అనుకుని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పిత్తాశయంలో రాళ్ళు, థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో డాక్టరమ్మ చూస్తుంది.

కొందరికే ఎందుకు వస్తుందన్న దానికి 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో మంచి జవాబు వచ్చింది. మార్లీనా ఫేజో, స్టీఫెన్ ఓరాహిలీ బృందాలు చేసిన పరిశోధన అది. మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే జీడీఎఫ్-15 అనే హార్మోను మెదడులో వికారం పుట్టించే చోట పనిచేస్తుంది. కడుపు రాకముందు ఆ హార్మోను తక్కువగా ఉన్న ఆడవాళ్ళ ఒంటికి అది ఒక్కసారిగా పెరిగితే తట్టుకోవడం కష్టం. ముందు నుంచే ఎక్కువగా ఉన్నవాళ్ళ ఒంటికి అది అలవాటై ఉంటుంది. బీటా తలసీమియా ఉన్న ఆడవాళ్ళలో ఇది ఎప్పుడూ ఎక్కువే, వాళ్ళకు వేవిళ్ళు తక్కువని కూడా ఆ పరిశోధనలో తేలింది. అంటే వాంతి రాకపోవడానికి బిడ్డ బలహీనతే కారణం కానక్కర్లేదు, తల్లి ఒంటి తీరు కావచ్చు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. అంతకుముందు ఒకటి రెండు సార్లు గర్భం పోయిన ఆడవాళ్ళ మీద అమెరికాలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వికారం ఉన్నవాళ్ళకు మళ్ళీ గర్భం పోవడం తక్కువగా కనిపించింది. ఇది చదివి భయపడి వచ్చినవాళ్ళున్నారు. అది గుంపు మొత్తం మీద తీసిన లెక్క. వికారం లేనివాళ్ళలో కూడా ఎక్కువమంది బిడ్డలు బాగానే పుట్టారు. మీ ఒక్కరి కడుపు గురించి తెలియాలంటే దారి ఒకటే, సరైన రోజున స్కాన్.

ఆ సరైన రోజు దగ్గరే నేను తప్పు చేశాను. క్యాలెండర్ ప్రకారం 6 వారాల 3 రోజులు కదా అని ఏప్రిల్ 17న వెళ్ళాను. ఓపీలో అందరికీ “పొడవు నెలసరి అయితే ఇంకో వారం ఆగండమ్మా” అని చెప్పే నేనే ఆగలేకపోయాను. స్కాన్‌లో గర్భాశయంలో బిడ్డ పెరిగే 9 మిల్లీమీటర్ల నీటి సంచి, అందులో చిన్న ఉంగరంలా గుండ్రంగా యోక్ శాక్ (మొదటి వారాల్లో బిడ్డకు పోషణ అందించే చిన్న తిత్తి) కనిపించాయి. బిడ్డ లేదు, గుండె లేదు. రిపోర్టులో “11 రోజుల తర్వాత మళ్ళీ చూడాలి” అని రాశారు.

లోపల నుంచి, అంటే యోని ద్వారా చేసే స్కాన్‌లో మామూలుగా ఐదో వారం దగ్గర సంచి, ఐదున్నర దగ్గర యోక్ శాక్, ఆరు దగ్గర బిడ్డ, గుండె కదలిక కనిపిస్తాయి. పొట్ట మీద నుంచి చేస్తే ఇంకో వారం వెనక. నాకు కనిపించింది 5 వారాల 3 రోజుల బొమ్మ. 35 రోజుల నెలసరికి అది అక్షరాలా సరిపోయింది. ఈ దశలో ఎవరైనా “బిడ్డ లేదు, కడిగించేసుకోండి” అంటే ఒప్పుకోవద్దు. బిడ్డ పొడవు 7 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉండి గుండె కదలిక లేకపోతే, లేదా సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లకు చేరినా లోపల బిడ్డ కనిపించకపోతే, అప్పుడే గర్భం నిలవలేదని ఖాయం చేస్తారు. అంతకన్నా చిన్న కొలతలకు వారం నుంచి రెండు వారాల తర్వాత మళ్ళీ చూడాల్సిందే. మీ రిపోర్టులో ఈ రెండు అంకెలు ఎక్కడున్నాయో మీరే వెతికి చూసుకోండి.

స్కాన్‌కు వెళ్ళేటప్పుడు ఆధార్ కార్డు, డాక్టరు చీటీ పట్టుకెళ్ళాలి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఫారం ఎఫ్ నింపి, బిడ్డ ఆడో మగో తెలుసుకోనని సంతకం చేయాలి. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌కు గంట ముందు మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి మూత్రం ఆపుకోవాలి. లోపల నుంచి చేసేదానికి అదే మూత్రం పూర్తిగా పోసి రావాలి. ఈ రెండూ తారుమారై క్యూలో గంటలు కూర్చునేవాళ్ళని రోజూ చూస్తాను. లోపలి స్కాన్ వల్ల గర్భం పోతుందన్న భయం వద్దు, ఆ ప్రోబు గర్భాశయంలోకి వెళ్ళదు. గుండె చప్పుడు వినిపించమని మాత్రం ఇంత తొందరగా అడగకండి. మొదటి వారాల్లో తెర మీద గీతగా చూసి లెక్కకట్టే పద్ధతే వాడతారు, శబ్దం వినిపించే డాప్లర్ వేడి ఎక్కువ పుట్టిస్తుంది.

ఆ 11 రోజుల్లో కొందరు రక్తంలో బీటా హెచ్‌సీజీ చేయించుకుంటారు. చేయిస్తే ఒకే ల్యాబులో, 48 గంటల తేడాతో రెండుసార్లు చేయించాలి. ఒక్క అంకెతో ఏమీ తేలదు. మొదటి అంకె 1500 లోపు ఉంటే రెండు రోజుల్లో కనీసం 49 శాతం, 1500 నుంచి 3000 మధ్య ఉంటే 40 శాతం, 3000 దాటితే 33 శాతం పెరగాలి. అంతకన్నా నెమ్మదిగా పెరిగితే, లేదా తగ్గితే డాక్టరమ్మకు ఆ రోజే చూపించాలి. గుండె కనిపించాక ఈ పరీక్ష అవసరం లేదు. పదో వారం తర్వాత ఆ అంకె సహజంగానే దిగుతుంది, దాన్ని చూసి ఏడ్చినవాళ్ళున్నారు.

ఇంకో సంగతి. గర్భానికి ఆసరాగా ఇచ్చే ప్రొజెస్టెరాన్ హార్మోను మాత్రలు వాడుతున్నవాళ్ళకు నిద్రమత్తు, రొమ్ముల నొప్పి ఆ మాత్రల వల్ల కూడా వస్తాయి. కాబట్టి లక్షణాలు ఉండడమూ గట్టి భరోసా కాదు.

ఏప్రిల్ 28న రెండో స్కాన్. బిడ్డ పొడవు 10 మిల్లీమీటర్లు, గుండె నిమిషానికి 132. అంటే 7 వారాలు. క్యాలెండర్ లెక్కకు వారం తేడా ఉంది కాబట్టి కాన్పు తేదీని డిసెంబరు 8 నుంచి డిసెంబరు 15కి మార్చి రాశారు. తెర మీద బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద మచ్చ, దాని మధ్య మిణుకుమిణుకుమంటున్న చుక్క. అప్పటికీ నాకు వికారం లేదు, ఆ తర్వాతా రాలేదు.

మొదటి స్కాన్ ఎగ్గొట్టకూడదని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం, గర్భం ట్యూబులో ఉంటే అది కూడా మొదట్లో ఏ లక్షణమూ చూపించకపోవచ్చు. సంచి గర్భాశయంలోనే ఉందని కంటితో చూడాలి. పొత్తికడుపులో ఒక పక్క గట్టి నొప్పి, భుజం కొన దగ్గర నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, జ్వరంతో దుర్వాసన ఉన్న స్రావం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి స్కాన్, ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం కాస్త మచ్చలా కనిపించినా ఆ రోజే చూపించుకోండి. మీ రక్తం నెగటివ్ గ్రూపు అయితే ఆ సంగతి ముందే చెప్పండి, యాంటీ-డి ఇంజెక్షన్ కావాలేమో వాళ్ళు చూస్తారు. ఉన్న వికారం ఒకరోజు తగ్గి మర్నాడు రావడం మామూలే. అన్నీ ఒక్కసారిగా పోయి, దానితో నొప్పో రక్తమో కలిస్తే మాత్రం స్కాన్ చేయించాలి.

లక్షణాలు లేనివాళ్ళకు నిజమైన ప్రమాదం మరిచిపోవడం. కడుపుతో ఉన్నానన్న ధ్యాస ఉండదు. పన్ను నొప్పికి వెళ్ళి చెప్పకుండా ఎక్స్‌రే తీయించుకుంటారు, ఒంటి నొప్పికి షాపులో మాత్ర కొని వేసుకుంటారు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్, బీపీకి, మూర్ఛకు, థైరాయిడ్‌కు వాడే మందులు ఉంటే పాజిటివ్ వచ్చిన రోజే అట్టలతో సహా డాక్టరమ్మకు చూపించాలి. ఐసోట్రెటినాయిన్ వెంటనే ఆపాలి. మూర్ఛ మందు, థైరాయిడ్ మందు మీ అంతట మీరు ఆపకూడదు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు కావాలి. షుగర్, మూర్ఛ ఉన్నవాళ్ళకు, ముందు కాన్పులో బిడ్డకు వెన్నెముక లోపం వచ్చినవాళ్ళకు 5 మిల్లీగ్రాములు ఇస్తారు. బిడ్డ వెన్నునాళం ఆరో వారానికే మూసుకుంటుంది, అందుకే వాంతులు మొదలయ్యాక చూద్దామని ఆగితే ఆలస్యమైపోతుంది.

పన్నెండు వారాల్లోపు మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గర పేరు రాయించి ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తీసుకోవాలి. అప్పుడే బీపీ, బరువు, హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి, మూత్రం, షుగర్ చూస్తారు. షుగర్‌కు 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140, అంతకు మించి వస్తే షుగర్ ఉన్నట్టు. వేవిళ్ళ మనిషి ఆ నీళ్ళు అరగంటలోపు కక్కేస్తే పరీక్ష మరోరోజు మళ్ళీ చేయాలి, మనకు ఆ బాధ లేదు. బాగా సహిస్తోంది కదా అని ఇద్దరి కోసం తినడం మాత్రం ఈ మూడు నెలల్లో అక్కర్లేదు.

జూన్ 5న ఎన్‌టీ స్కాన్, అంటే బిడ్డ మెడ వెనక ద్రవం మందం కొలిచే స్కాన్ చేశారు. ఇది 11 నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే చేస్తారు. నాది 58, మెడ వెనక కొలత 1.3. దాంతోపాటు డబుల్ మార్కర్‌కు (బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి లోపాల రిస్కు లెక్కగట్టే పరీక్ష) రక్తం ఇస్తే ఫారంలో వయసు, బరువు, ఈ రెండు కొలతలు, స్కాన్ తేదీ రాయిస్తారు. అక్కడ గట్టిగా చూసుకోండి. ఆఖరి బహిష్టు తేదీ పెట్టి 13 వారాల 3 రోజులని రాస్తే నా రిపోర్టు రిస్కు తప్పుగా వచ్చేది. స్కాన్ ప్రకారం 12 వారాల 3 రోజులని కొట్టి రాయించి, సంతకం పెట్టించి, ఆ తర్వాతే చెయ్యి చాపాను.