ఒక మీటరుగేజి లైను కోసం కూడబెట్టిన పుస్తకాలు

మా ఇంట్లో ఉత్తరం వైపు గదిలో ఒక గోడకు పుస్తకాల బీరువా ఉంది. ఎదుటి గోడకు, నడుము ఎత్తున బిగించిన చెక్కల మీద, ఇంకా సగమే పూర్తయిన గిద్దలూరు స్టేషను ఉంది. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, కంభం మీదుగా గిద్దలూరు చేరి, అక్కడి నుంచి నల్లమల అడవిలో దూరి నంద్యాలలో తేలే మీటరుగేజి (రెండు పట్టాల మధ్య ఒక మీటరు దూరం ఉండే) లైనును, 1970ల చివర్లో అది ఎలా ఉండేదో అలా, చిన్న పరిమాణంలో నిలబెట్టాలన్నది చాలా ఏళ్లుగా నా కోరిక. బీరువాలోని పుస్తకాలన్నీ ఆ ఎదుటి గోడ కోసమే వచ్చాయి. మొదట్లో మాత్రం సంగతి అలా ఉండేది కాదు.

మా మేనమామ ఆ లైనులో గార్డుగా పని చేశారు. వేసవి సెలవుల్లో గిద్దలూరులో ఆయన క్వార్టర్సులో ఉండేవాళ్లం. బోగద సొరంగాలు, దొరబావి వంతెన దాటి నంద్యాల నుంచి వచ్చే బండి స్టేషనుకు చేరకముందే దాని కూత కొండల మధ్య తిరిగి తిరిగి వినిపించేది. 1990ల్లో ఆ లైనును ఇంకా వెడల్పైన బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు అడవిలో దారి కూడా కొంత మారింది, దొరబావి మీది పాత వంతెన వాడుకలోంచి పోయింది. ఇప్పుడు వెళ్లి చూసి కొలుచుకుందామంటే చాలా వరకు కొలవడానికి ఏమీ మిగలలేదు. అందుకే నాకు పుస్తకాలు కావలసి వచ్చాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రైలు బొమ్మ కనిపించిన పుస్తకమల్లా కొన్నాను. హైదరాబాదులో ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో, ఎక్కడ రైలు ఫొటో ఉంటే అక్కడ ఆగాను. మూడేళ్లలో దాదాపు అరవై పుస్తకాలు చేరాయి. వాటిలో సగానికి పైగా నున్నటి కాగితం మీద, రెండేసి పేజీల వెడల్పున యూరపు పర్వతాల ముందు నిలబడిన రైళ్ల ఫొటోలే. మొదటిసారి ఒక పెట్టెను స్వయంగా చెయ్యబోయిన రోజున, మన ఐసీఎఫ్ (చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం) పెట్టె వెడల్పు ఎంతో ఆ అరవైలో ఒక్కదానిలోనూ దొరకలేదు. అప్పటి నుంచి కొనే పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఒక గట్టి అట్ట నోటు పుస్తకం ఉంది. ఎడమ పేజీలో ప్రశ్న రాస్తాను, కుడి పేజీలో జవాబు, అది దొరికిన పుస్తకం పేరు, పేజీ సంఖ్య రాస్తాను. వైపీ రకం ఆవిరి ఇంజను పెద్ద చక్రం అడ్డుకొలత ఎంత, గార్డు బండి బ్రేక్‌వ్యాన్‌లో ఏమేం ఉండేవి, సింగిల్ లైనులో రెండు బళ్లు ఎదురెదురుగా వచ్చినప్పుడు ఏది ముందు లోపలికి వస్తుంది, ఇలాంటివి అందులో ఉంటాయి. కుడి పేజీ ఖాళీగా ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగే పుస్తకాన్ని మాత్రమే ఇప్పుడు కొంటున్నాను. ఈ లెక్కన పాత అరవైలో నలభైకి పైగా పంచిపెట్టాను. ఉంచుకున్న వాటిలో ఒక్కోదాని గురించి చెప్పుకోవలసింది ఉంది.

ఇంజన్ల విషయంలో హ్యూ హ్యూస్ రాసిన ‘ఇండియన్ లోకోమోటివ్స్’ నాలుగు భాగాలూ నాకు ఆధారం. అవి కథలా చదివే పుస్తకాలు కావు. ఒక్కో రకం ఇంజను ఎవరు, ఏ ఏడాది, ఏ కొలతలతో, ఎన్ని కట్టారో పట్టికల్లో ఇచ్చి ఊరుకుంటాయి. మొదటి మూడు భాగాలు 1940 వరకు గేజిల వారీగా సాగితే, నాలుగోది 1941 నుంచి 1990 దాకా వచ్చిన ఇంజన్లన్నిటినీ కలిపి చెబుతుంది. నా లైనుకు కావలసిన వైపీ, వైజీ రెండూ ఆ నాలుగో భాగంలోనివే. మీటరుగేజి ప్రయాణికుల బళ్ల కోసం వైపీ, గూడ్సు కోసం వైజీ 1949 నుంచి వచ్చాయి. ‘వై’ అంటే మీటరుగేజి, ‘పీ’ అంటే ప్యాసింజరు, ‘జీ’ అంటే గూడ్సు అని పేరులోనే ఉంది. వైపీ పెద్ద చక్రాలు నాలుగున్నర అడుగులవి, అంటే 1372 మిల్లీమీటర్లు. నేను ఎంచుకున్న హెచ్‌ఓ అనే మోడలు రైళ్ల స్కేలు 1:87, అంటే అసలులో ఎనభై ఏడో వంతు కనుక అవి 15.8 మిల్లీమీటర్లు అవుతాయి. ఆ ఒక్క అంకె తెలియడంతో, దగ్గర సైజు చక్రాలున్న ఏ విదేశీ మోడలు ఇంజను అడుగుభాగాన్ని తీసుకుని దాని మీద వైపీ బాడీ కట్టవచ్చో తేలిపోయింది. వందల ఫొటోలు ఇవ్వలేనిది ఒక పట్టికలోని ఒక వరుస ఇచ్చింది.

గేజి దగ్గరే ఇంకొక చిక్కు వచ్చింది. హెచ్‌ఓలో దుకాణంలో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే యూరపు, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కనుక నిజానికి 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. మీటరుగేజికి 11.5 కావాలి. అందుకు 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి, ఆ అర మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. ఆ పట్టాలు ప్రధానంగా స్విట్జర్లాండు మీటరుగేజి లైన్ల మోడళ్ల కోసం తయారవుతాయి. అందువల్ల గిద్దలూరు కోసం మొదలైన నా బీరువాలో స్విట్జర్లాండులోని రేషియన్ రైల్వే మీద రెండు పుస్తకాలు చేరాయి. కొండల్లో మీటరుగేజి లైను మలుపులు ఎలా తిరుగుతుందో, కోసిన కొండ అంచులు ఎలా కనిపిస్తాయో వాటిలో చూసి నేర్చుకుని నల్లమల వైపు గట్లు మలిచాను. రాయి రంగు మాత్రం బోగద దగ్గర ఏరి తెచ్చిన రాళ్లను ఎదురుగా పెట్టుకునే కలుపుకున్నాను.

లైను పథకం గీసే విషయంలో జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1963లో తెచ్చిన ‘ట్రాక్ ప్లానింగ్ ఫర్ రియలిస్టిక్ ఆపరేషన్’ను మించినది నేను చూడలేదు. ముందుగా గదిలో మార్చలేనివి ఒక వరుసలో, మనకు కావాలనిపించేవి ఇంకొక వరుసలో రాసుకోమంటాడు. తర్వాత మనం పెట్టుకోదలచిన మలుపు వ్యాసార్థానికి, పక్కపక్కనే సాగే రెండు లైన్ల మధ్య ఎడాన్ని రెండింతలు కలిపి, ఆ కొలతతో గదిని గడులుగా విడగొట్టమంటాడు. ఏ గడిలో మలుపు పడుతుంది, ఎక్కడ పట్టదు అన్నది పెన్సిలు పట్టకముందే తెలిసిపోతుంది. అమెరికా లైన్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకమే అయినా, బండి ఎక్కడి నుంచి ఎందుకు వస్తోంది, దారిలో ఏం పని చేస్తుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం ఏ దేశపు లైనుకైనా పనికొస్తుంది. హెచ్‌ఓలో ఒక కిలోమీటరు అంటే పదకొండున్నర మీటర్లు. గిద్దలూరును ఉన్నదున్నట్టుగా పెట్టే గది ఎవరి ఇంట్లోనూ ఉండదు. ఏది కుదించాలో, ఏది కుదించకూడదో తేల్చుకోవడానికి ఆ పుస్తకం పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

ఇన్ని పుస్తకాల్లోనూ నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పినది మోడళ్ల పుస్తకం కాదు, రైళ్ల ఫొటోల పుస్తకమూ కాదు. మామయ్య రిటైరయ్యాక ఇచ్చిన ‘జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్స్’, అంటే బళ్లు నడిపే సిబ్బంది చదవవలసిన నిబంధనల పుస్తకం. అట్ట ఊడిపోయి, అంచులు నూనె మరకలతో గోధుమరంగుకు తిరిగిన ఆ ప్రతిలో సవరణ చీటీలు ఎక్కడికక్కడ గోందుతో అంటించి ఉన్నాయి. కొన్ని చోట్ల నాలుగైదు చీటీలు ఒకదాని మీద ఒకటి పడి ఆ పేజీ రొట్టెలా మందమైంది. తేదీల పక్కన మామయ్య పొట్టి సంతకం ఉంది. ఎర్ర జెండా, పచ్చ జెండా, మూడు రంగుల చేతిలాంతరు, పట్టాల మీద పేల్చే డిటొనేటర్లు, విజిలు, గడియారం, ఇవన్నీ గార్డు దగ్గర ఉండి తీరాలన్న చోట పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్నారు. నా బ్రేక్‌వ్యాన్ లోపల ఏమేం పెట్టాలో ఆ టిక్కులే చెప్పాయి.

అంతకన్నా ముఖ్యంగా, సింగిల్ లైను మీద బండి ఎలా నడుస్తుందో ఆ పుస్తకంతో అర్థమైంది. రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒకే బండి ఉండాలి. అందుకు రెండు స్టేషన్లలోనూ తీగతో కలిపిన నీల్స్ టోకెన్ యంత్రాలు ఉండేవి. అవతలి స్టేషను మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి యంత్రంలోంచి టోకెన్ అనే ఇనుప బంతి ఒకటి బయటికి వస్తుంది. ఒకటి వచ్చాక, అది మళ్లీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండోది రాదు. ఆ బంతిని తోలుసంచిలో పెట్టి, పెద్ద వలయానికి కట్టి డ్రైవరుకు అందిస్తారు. ఇంజను పరుగులో ఉండగానే ఫైర్‌మన్ చెయ్యి చాచి దాన్ని భుజానికి తగిలించుకోవడం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను కానీ, ఎందుకు అలా చేస్తారో ఆ పుస్తకం చదివేదాకా తెలియలేదు. అది చదివాక నా పథకంలో మార్పులు తప్పలేదు. ఒక్క లూప్ లైనుతో (ఎదురు బండికి దారి ఇవ్వడానికి బండి పక్కకు తప్పుకునే లైను) సరిపెడదామనుకున్న స్టేషనుకు రెండోది కలిపాను. ఒక ప్యాసింజరు, ఒక గూడ్సు క్రాసింగ్ కోసం నిలిచి ఉండగా సైడింగులోకి వ్యాగన్లు తియ్యాలంటే చోటు కావాలి కదా. ఇప్పుడు మా అబ్బాయి కంభం, నేను గిద్దలూరు. ఇద్దరి దగ్గరా కలిపి ఒకే ఒక ఇత్తడి గోళీ ఉంటుంది. అది చేతిలో లేనివాడు బండి కదపకూడదు.

జాగ్రత్త విషయంలో నేను నష్టపడి నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. గుంటూరులో రెండు గేజిలూ కలిసేవి కనుక ఆ మూలకు ఒక ఐసీఎఫ్ బ్రాడ్‌గేజి పెట్టె చేద్దామనుకున్నాను. పుస్తకంలోని పటాన్ని పాడు చెయ్యడం ఇష్టం లేక జెరాక్స్ తీయించి, దాని మీద ప్లాస్టిక్ రేకు పరిచి కోసుకుంటూ పోయాను. పక్కగోడలు, కిటికీలు, చివరి గోడలు అన్నీ కోసి అతికించాక, పెట్టె ఎక్కడో పొట్టిగా ఉందనిపించింది. అసలు పెట్టె పొడవు 21,337 మిల్లీమీటర్లు, నాకు రావలసింది 245. వచ్చింది 238. దుకాణంలో యంత్రాన్ని కాగితానికి సరిపడేలా తగ్గించి తీసే అమరికలో ఉంచేశారు, నకలు నూటికి తొంభై ఏడు వంతులకు తగ్గింది. మూడు వారాల పని పోయింది. అప్పటి నుంచి ఏ నకలు తీయించినా, పటం అడుగున ఉండే స్కేలు గీతను మొదట ఉక్కు స్కేలుతో కొలిచి, సరిపోయిందని నకలు మీదే రాసి సంతకం చేసి గానీ కత్తి పట్టను. స్కేలు గీత లేని పటం అయితే, తెలిసిన ఒక కొలతను నేనే ముందుగా గీసి పంపుతాను.

పాత అమ్మోనియా ప్రింట్లు, అంటే అమ్మోనియాతో తీసిన పటాల నకళ్లు, ఎండకు వెలిసిపోతాయి, మడతల దగ్గర చిరుగుతాయి. వాటిని మడవకుండా చుట్టి, రెండు చివర్లా మూతలున్న పీవీసీ గొట్టాల్లో పెట్టి, గొట్టం మీద ఏ పటమో రాసి ఉంచాను. వానాకాలం అయ్యాక ఒకసారి పుస్తకాలన్నీ దించి, నీడలో తెరిచి ఆరబెడతాను. వేపాకు, కలరా ఉండలు పెడతాను కానీ నిజంగా కాపాడేది ఆ దించి తుడవడమే. గోడకు ఆనించిన బీరువాలోనే ఒకసారి చెదలు పట్టాయి కనుక, ఇప్పుడది గోడకు జానెడు దూరంలో ఉంది.

ఇంత బీరువాలో తెలుగు పుస్తకాలకు కేటాయించిన అర దాదాపు ఖాళీగా ఉండడం నాకు చాలా బాధ. మన ఊళ్ల మీదుగా నూట ఏభై ఏళ్లుగా రైళ్లు నడుస్తున్నాయి. 1874లో ఇప్పటి కర్ణాటకలోని వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాదుకు నిజాం లైను వచ్చింది, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన లేచింది. వాటిని కట్టినవారిలో, నడిపినవారిలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. నేను వెతికిన దుకాణాల్లో వాళ్ల పని గురించి వాళ్ల మాటల్లో ఉన్న తెలుగు పుస్తకం నా చేతికి ఒక్కటీ రాలేదు. అందుకని ఆ అరలో మామయ్య చెప్పినవి రాసుకున్న నోటు పుస్తకాలు మూడు పెట్టాను. ఏ మలుపు దగ్గర బండి ముక్కుతుంది, వానలో పట్టాల మీద ఇసుక ఎక్కడి నుంచి వదలాలి, ఏ స్టేషనులో నీళ్ల గొట్టం ఎటు పక్క ఉండేది, అన్నీ ఆయన చెప్పినట్టే, ఆయన వాడిన మాటలతోనే ఉన్నాయి. రాసుకున్న ప్రతి సంగతికీ తేదీ వేసి, ఆయనకు చదివి వినిపించి, తప్పుంటే దిద్దించుకున్నాను.

ప్రశ్నల పుస్తకంలో ఇప్పుడు కుడి పక్క ఖాళీగా ఉన్నవి పదకొండు. వాటిలో పెద్దది దొరబావి వంతెన స్తంభాల కొలతలు. ఫొటోలు నాలుగు ఉన్నాయి, ఒకదానిలో వంతెన మీద ఇంజను కూడా ఉంది. ఆ ఇంజను చక్రం కొలత తెలుసు కనుక దాన్ని బట్టి స్తంభం ఎత్తును అంచనా వేసి, 1:87లో అట్టతో ఒక నమూనా కట్టి గోడకు ఆనించాను. వచ్చే నెల మామయ్య వచ్చినప్పుడు ఆయన ముందు నిలబెట్టి చూపిస్తాను. అసలు పటం దొరికితే, దానికోసం ఒక గొట్టం మీద పేరు ముందే రాసి పెట్టాను.