వెనక్కి ఇచ్చిన బంతి

మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫైనల్ దాకా వెళ్లిన 1992 గురించి రాయమని సంపాదకవర్గం నన్ను అడిగిందంటే, ఆ జట్టులో మిగతా వాళ్లెవరికీ తీరిక లేదనే అర్థం. నేను రైట్ బ్యాక్‌ని, అంటే కుడివైపు కాపు కాసే డిఫెండర్‌ని. ఆ సీజన్ మొత్తంలో ఒక్క గోలు కొట్టలేదు, ఒక్కటి కొట్టించలేదు. నాకు వచ్చిన విద్య ఒకటే: బంతి కాలికి తగలగానే వెనక్కి తిరిగి గోలీకి అందించడం. రెండేళ్లు దానితోనే నెట్టుకొచ్చాను. సరిగ్గా ఆ ఏడాదే దాన్ని ఎత్తేశారు.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అప్పట్లో డిఫెండర్ తన్నిన బంతిని గోలీ హాయిగా చేతుల్లోకి తీసుకునేవాడు. కాసేపు గుండెకు హత్తుకుని, మళ్లీ ఆ డిఫెండర్ కాళ్ల దగ్గరికే దొర్లించేవాడు. ఎదుటివాడు పరుగెత్తుకు రాగానే బంతి మళ్లీ గోలీ చేతుల్లోకి. ఒక గోలు ఆధిక్యం ఉందంటే చివరి పది నిమిషాలూ ఇదే తంతు. 1990 ప్రపంచ కప్పులో ఈ జబ్బు బాగా ముదిరింది. మ్యాచ్‌కు సగటున 2.21 గోల్స్, అంతకు ముందు ఏ ప్రపంచ కప్పులోనూ ఇంత తక్కువ లేదు. 1992 జూన్‌లో డెన్మార్క్ యూరప్ ఛాంపియన్ అయింది. అసలు అర్హతే సాధించని జట్టు అది. యుగొస్లావియాను తప్పించడంతో చివరి రోజుల్లో పిలుపు అందుకుని, ఫైనల్లో జర్మనీని 2–0తో ఓడించింది. అందరూ ఆ కథకు మురిసిపోయారు. నేను మాత్రం తర్వాత వీడియోలో చూసి, ఆ డిఫెండర్లు తమ గోలీ పీటర్ ష్మైకెల్‌కు బంతి వెనక్కి ఇస్తున్న ప్రతిసారీ మురిసిపోయాను. నా లాంటివాళ్లు కూడా కప్పు గెలుస్తారన్నమాట!

ఆ మురిపెం నిలవలేదు. సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోలీ చేత్తో తాకకూడదని ఆ వేసవిలోనే రూలు వచ్చింది. తాకితే ఎదుటి జట్టుకు ఇండైరెక్ట్ ఫ్రీకిక్, అంటే బంతి ఇంకొకరికి తగిలాకే గోలు చెల్లే కిక్. తలతోనో ఛాతీతోనో ఇస్తే పట్టుకోవచ్చు. బంతిని కాలితో పైకి లేపి, తలతో వెనక్కి ఇచ్చి రూలును బురిడీ కొట్టించాలని చూస్తే అదీ తప్పే. బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఈ రూలుతోనే ఆడారు. మా పీడీ సార్ ఆ కాగితాన్ని గ్రౌండులో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించారు. చదవడం అయ్యాక మడిచి జేబులో పెట్టుకుని నా వైపు చూశారు. ఆయన వెంట ఇరవై జతల కళ్లు నా వైపు తిరిగాయి.

కానీ సార్ ఆలోచన నా గురించి కాదు. అప్పటి మా గోలీ ఆరడుగుల మనిషి. చేతులు బంగారం, కాళ్లు మాత్రం అరువు తెచ్చుకున్నవి. మర్నాడు సార్ అతన్ని పక్కన కూర్చోబెట్టి, మధ్యలో ఎడమవైపు ఆడే మా లెఫ్ట్ హాఫ్ చేతికి గ్లవ్స్ ఇచ్చారు. జట్టంతటిలో బంతి మీద కాలు బాగా పలికేది ఆ లెఫ్ట్ హాఫ్‌కే. పొట్టివాడు, పైగా రోషగాడు. గోల్లో నిలబెట్టడమంటే శిక్ష వేయడమేనని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు సార్ జర్నైల్ సింగ్ కథ చెప్పారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన స్టాపర్ (వెనక నడిమి డిఫెండర్) జర్నైల్‌ను భారత జట్టు కోచ్ రహీం ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1తో మనవాళ్లు గెలిస్తే, ఆ రెండింటిలో ఒకటి జర్నైల్ కొట్టినదే. “రహీం వెనకవాణ్ణి ముందుకు పంపితే బంగారు పతకం వచ్చింది. మధ్యవాణ్ణి వెనక్కి పంపితే మనం మొదటి రౌండు కూడా దాటమా?” అన్నారు. మొదటి రౌండు దాటడమే అప్పటికి మా కాలేజీ ఎరుగని భాగ్యం.

రోజూ సాయంత్రం మా కొత్త గోలీ రెండు చేతులూ వెనక్కి పెట్టించి తువ్వాలుతో కట్టేసేవారు. ఇరవై నిమిషాల పాటు మేం నలుగురు బ్యాక్‌లం బంతులు వెనక్కి తన్నాలి, ఇద్దరు ఫార్వర్డ్‌లు అతని మీదికి దూకాలి. అతను కాలితోనే ఆపి, తప్పించి, ఖాళీగా ఉన్నవాడికి అందించాలి. మొదటి వారం రోజుకు పది గోల్స్ తిన్నాడు, పదిసార్లూ నన్ను తిట్టాడు. “ఒరేయ్, కుడికాలికి ఇవ్వకు, ఎడమకాలికి ఇవ్వు” అన్నది ఇప్పటికీ చెవిలో ఉంది. బంతి ఎంత వేగంతో, ఏ కాలికి ఇవ్వాలన్న ఆలోచన నాకు జీవితంలో మొదటిసారి అప్పుడే వచ్చింది. అంతవరకూ బంతిని వదిలించుకునేవాణ్ణి. ఇవ్వడం నేర్చుకున్నది అప్పుడే.

మొదటి మ్యాచ్‌లోనే సార్ లెక్క తెలిసొచ్చింది. కొత్త రూలు అందరి తలలకూ ఎక్కింది గానీ చేతులకు ఎక్కలేదు. వెనక్కి తిరిగిన డిఫెండర్ కనిపిస్తే చాలు, అతన్ని వదిలేసి నేరుగా గోలీ మీదికి పరుగెత్తండని మా ఫార్వర్డ్‌లకు సార్ చెప్పి పంపారు. ఇరవయ్యో నిమిషంలో ఎదుటి గోలీ పాత అలవాటుతో వంగి బంతిని ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక గుర్తొచ్చింది పాపం, నిప్పును ముట్టుకున్నట్టు వదిలేశాడు. రిఫరీ చెయ్యి అప్పటికే పైకి లేచింది. మా కెప్టెన్ బంతిని తాకించాడు, పక్కవాడు కొట్టాడు, 1–0. ఆ ఒక్క గోలుతో మొదటి రౌండు దాటాం. రెండో రౌండులో ఎలా గెలిచామో నాకు వివరంగా గుర్తు లేదు. ఆ రోజు కుండపోత వాన, సగం సేపు బంతే కనపడలేదు.

సెమీఫైనల్ మాత్రం మరిచిపోయేది కాదు, ఎందుకంటే తప్పు నాది. 1–0 ఆధిక్యంలో ఉన్నాం. చివరి పావుగంటలో, ఎవరూ మీదికి రాకపోయినా భయంతో వెనక్కి ఇచ్చాను, అదీ అతని కుడికాలికి, అదీ ఎగిరెగిరి పడే బంతి. కాలితో ఆపలేక గోల్‌లైను ముందే చేత్తో పట్టాడు. విజిల్. నేరం ఆరు గజాల గీత లోపల జరిగింది కాబట్టి ఆ గీత మీద నుంచే ఫ్రీకిక్. బంతికి పది గజాల దూరంలో గోడలా నిలబడాలంటే అంత జాగా ఎక్కడుంది? పదకొండు మందిమీ గోల్‌లైను మీద, రెండు పోస్టుల మధ్య నిలబడ్డాం. లెక్క చూస్తే 7.32 మీటర్లను పదకొండు మంది పంచుకోవాలి, మనిషికి 66 సెంటీమీటర్లు. భుజాలు ఒరుసుకుంటున్నాయి, పక్కవాడి గుండె చప్పుడు నాకు వినిపిస్తోంది. అప్పటి రూలు ప్రకారం బంతి తన చుట్టుకొలత అంత దూరం, అంటే సుమారు 70 సెంటీమీటర్లు దొర్లితే గానీ ఆటలోకి వచ్చినట్టు కాదు. మొదటిసారి వాళ్లు తాకించిన బంతి జానెడు కూడా కదలకముందే కొట్టేశారు. లోపలికి పోయిన గోలు చెల్లలేదు. రెండోసారి సరిగ్గానే దొర్లించారు, బలంగా కొట్టారు. అది నేరుగా నా ఎడమ చెవికి తగిలి, పోస్టుల మీది అడ్డకర్ర అయిన బారు మీదుగా బయటికి పోయింది. రెండు రోజులు ఆ చెవి హోరెత్తుతూనే ఉంది. గోల్స్ కొట్టిన వాళ్ల పేర్లు ఈ సంచికలో వేరే చోట ఉంటాయి. నా చెవి సంగతి ఎవరూ రాయరని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫైనల్ 1–1తో టైబ్రేకర్‌కు, అంటే పెనాల్టీ కిక్‌లకు వెళ్లింది. మా అయిదో కిక్ ఎవరిది? జట్టులో మంచి కాలు ఎవరిదో వాడిదే, అంటే గోలీది. కొడితే ఇంకా నిలుస్తాం, లేదంటే ఇంటికే. అతను కొట్టిన బంతి గోలీకి అందలేదు, బారుకు తగిలి వెనక్కి వచ్చింది. అక్కడే కూలబడి, “బారు కిందికి ఉంది సార్, బారు కిందికి ఉంది” అంటూనే ఉన్నాడు. ఎంత లేపినా లేవలేదు.

బహుమతుల హడావుడి అయ్యాక పీడీ సార్ టేపు తెప్పించి, బల్ల వేయించుకుని ఎక్కి కొలిచారు. టేపు కింది కొస నేల మీద అదిమి పట్టుకున్నది నేను. ఎనిమిది అడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. సార్ దిగి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, “నిజమేరా, రెండంగుళాలు తక్కువుంది” అన్నారు. టేపు చుట్టి నా చేతిలో పెట్టారు, నా మొహం వైపు చూడలేదు.

మరుసటి ఏడాదికి అన్ని కాలేజీల గోలీలూ కాలితో ఆడటం నేర్చుకున్నారు. మేం మళ్లీ మొదటి రౌండులోనే ఇంటికి వచ్చాం. సార్ ఇప్పుడు లేరు. గోలీ మాత్రం ఎక్కడ కలిసినా ఆ రెండంగుళాల కథ కొత్తగా వింటున్నవాడు ఒకడు దొరికితే చాలు, మొదలుపెడతాడు. సాక్ష్యానికి నన్ను పిలుస్తాడు, నేను తల ఊపుతాను. ఈ సంచిక చేతికి అందేలోపు అతనికి ఫోన్ చేసి చెప్పాలి. ఇప్పటికి రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను.