ముక్కు కాల్పించాక మా కోళ్లు మేత తిన్న తీరు

మాది చీపురుపల్లి దగ్గర చిన్న లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్ల ఫారం. చుట్టూ మొక్కజొన్నే కాబట్టి దాణా సొంతంగానే ఆడించుకుంటాం. ఈ బ్యాచ్‌లో కొన్ని కోళ్లని కేజీల్లో, అంటే ఇనప బోనుల్లో పెట్టాం, కొన్ని ఊక మీద వదిలాం, అందుకే తేడా బాగా కనపడింది.

మొదటి డీబీకింగ్, అంటే ఒకదాన్నొకటి పొడుచుకోకుండా మిషన్‌తో ముక్కు కొస కాల్చి తీసెయ్యడం, 7-10 రోజుల పిల్లలప్పుడే అయిపోయింది, గొడవేం లేదు. 12 వారాల దగ్గర చేసే రెండోదే అసలు పని. రక్తం కారకుండా ముందూ వెనకా నీళ్లలో విటమిన్ కె కలిపి, ఎండ రాకముందే మొదలెట్టించాం. మిషన్ ఎంత మంచిదైనా పట్టేవాడి చెయ్యి నిదానంగా ఉండాలండీ, కంగారు పడ్డాడంటే కోడి నాలుక కాలిపోద్ది.

మర్నాటి నుంచి మేత ఒక్కసారే పడిపోయింది. మా బావ అయితే "జబ్బేటో తగిలినట్టుందిరా, మందెయ్యి" అని ఒకటే గోల. జబ్బు కాదు బావా అంటే వినడు. ముక్కు కొస నిండా నరాలే, అది పోయాక నొప్పి ఒకటి, గింజ ఎక్కడుందో అందకపోవడం ఒకటి, పొడుస్తాది గానీ నోట్లోకి రాదు. ట్రఫ్‌లో (మేత తొట్టిలో) దాణా మందంగా పోశాం, ముక్కు అడుగున రేకుకి కొట్టుకోకుండా. ముక్కుతో నొక్కితే నీళ్లొచ్చే నిపుల్ నొక్కడానికి భయపడుతున్నాయని కొన్నాళ్లు గిన్నెల్లో నీళ్లు కూడా పెట్టాం, అప్పుడు మెల్లగా తేరుకున్నాయి.

ఇక్కడొకటి చెప్పాలి. తేరుకున్నాక కూడా కేజీ షెడ్డులో దాణా బస్తాలు మునుపటికన్నా తక్కువే ఖర్చయ్యాయి, కానీ కోళ్లు బరువు తగ్గలేదు. ముక్కు వాడిగా ఉన్నప్పుడు మొక్కజొన్న పలుకులు ఏరుకుని పొడిని ఎగజిమ్మేసేవి, అదంతా కింద పెంటలోకే పోయేది. ఇప్పుడు ఏరుకోలేవు కదా, ఉన్నదంతా తింటున్నాయి. ఊక మీద లెక్క అంత తేలదు, చిమ్మింది కూడా మళ్లీ గీరుకుని తినేస్తాయి.

కాకపోతే ఊక మీద ఈకలు పీక్కోవడం మొదలైతే ఒకదాన్ని చూసి ఒకటి నేర్చేసుకుంటాయి. మా దాంట్లో ముక్కు మళ్లీ పెరిగినవి కొన్ని అలాగే తయారయ్యాయి. ఈకలు ఊడిన కోడి ఒంట్లో వేడి నిలవక మేత ఎక్కువ లాగుతాది, మన్యం చలిగాలి తగిలే డిసెంబర్‌లో మరీను. వాటిని వేరు చేసి, లైటు తగ్గించి, తోటకూర కట్టలు వేలాడగట్టాం, రోజంతా వాటితోనే కాలక్షేపం.

ఇప్పుడు రెండు షెడ్ల కోళ్లూ గుడ్లు పెడుతున్నాయి, కోడికి 110 గ్రాముల అటూ ఇటూ తింటున్నాయి. బావ మాత్రం వచ్చే బ్యాచ్ మొత్తం కేజీల్లోనే అంటన్నాడు, నేనింకా ఒప్పుకోలేదు.