ఇ మైనర్ బంగారం, ఇ మేజర్ అపస్వరం: కొత్త గిటార్‌తో నా తిప్పలు

బెంగళూరు మార్తహళ్ళిలో అక్కావాళ్ళింట్లో ఉంటున్నా, ఆఫీస్ దగ్గరని. మొన్న మే నెలలో ఆన్‌లైన్‌లో ఒక అకౌస్టిక్ గిటార్ తెప్పించుకున్నా, తొమ్మిది వేలు. డబ్బా విప్పి, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని ఆరు తీగలకీ పచ్చ లైటు వచ్చేదాకా తిప్పి ఇ మైనర్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) కొట్టా, ఆహా అనిపించింది. ఇ మేజర్ కొట్టా, అంతే, వంటింట్లోంచి అక్క "ఒరే, గాంధారం పైకి పోతోందిరా, శ్రుతి చూసుకో" అంది. అక్క చిన్నప్పుడు విజయనగరంలో వీణ నేర్చుకుంది, వాయించడం మానేసి పదేళ్ళు దాటింది గానీ చెవి మాత్రం అలాగే ఉంది. నేను వెళ్ళి పచ్చ లైటు చూపించా. "అది ఉత్త తీగకిరా, మెట్టు మీద నొక్కి చూపించు" అంది.

నొక్కి చూపించా. ఇ మేజర్‌లో మూడో తీగని మొదటి ఫ్రెట్ (అక్క చెప్పే మెట్టు) దగ్గర నొక్కుతాం కదా, జి షార్ప్, ఇ ని 'స' అనుకుంటే అక్క చెప్పిన గాంధారం ఇదే, అది 15 సెంట్లు ఎక్కువ చూపిస్తోంది. సెంటు అంటే స్వరాల మధ్య ఎడం కొలిచే చిన్న కొలత, పక్కపక్క ఫ్రెట్ల మధ్య 100 సెంట్లు, అందులో 15 తేడా అంటే కాస్త చెవి ఉన్నవాళ్ళకి తెలిసిపోతుంది. ఇ మైనర్‌లో ఆ తీగ ఉత్తదే మోగుతుంది, అందుకే అది బాగుంది, ఇది నాకు రెండు రోజుల తర్వాత గానీ వెలగలేదు.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "ఈ రేంజ్‌లో అన్నీ అంతే సార్" అన్నారు, పైగా రిటర్న్ గడువు అయిపోయింది. సరే మనమే చూద్దామని కూర్చున్నా. ఇంటోనేషన్, అంటే ఏ ఫ్రెట్ నొక్కినా స్వరం సరిగ్గా పలకడం, అనగానే అందరూ 12వ ఫ్రెట్ గురించే చెప్తారు, అది తీగకి సరిగ్గా సగం కాబట్టి అక్కడ తీగని ఊరికే తాకి హార్మోనిక్ (గంటలా మోగే పై స్వరం) మోగించాలి, తర్వాత నొక్కి మోగించాలి, రెండూ ఒకటే రావాలి. నొక్కినది ఎక్కువ వస్తే కింద శాడిల్ (తీగలు కింది చివర ఆనుకునే ముక్క) దగ్గర తీగ ఇంకాస్త పొడుగు కావాలి, తక్కువ వస్తే పొట్టి కావాలి. నాకు లావు ఇ తీగ 11 సెంట్లు, బి తీగ 7 సెంట్లు ఎక్కువ వచ్చాయి. కానీ ఎలక్ట్రిక్ గిటార్‌లా స్క్రూ తిప్పి శాడిల్ జరుపుదామంటే ఇక్కడ కుదరదు, ఒక ఎముక ముక్కో ప్లాస్టిక్ ముక్కో గాడిలో దూర్చి ఉంటుంది అంతే.

అయినా నా బాధ 12 దగ్గర కాదు, మొదటి ఫ్రెట్ దగ్గర. కాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టే క్లిప్పు) లేదు, ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టి రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు బిగించి మొదటి ఫ్రెట్‌కి కట్టేశా, మళ్ళీ ట్యూన్ చేసి అదే ఇ మేజర్ షేప్ ఒక ఫ్రెట్ పైకి జరిపి పట్టుకున్నా. శుభ్రంగా మోగింది! అంటే దొంగ నట్టే, పైన తీగలు కూర్చునే తెల్ల ముక్క, పెన్సిల్ కట్టాక దానికి పని లేదు కదా. గాడి పైకి ఉంటే మొదటి ఫ్రెట్‌లో నొక్కడానికి తీగ ఎక్కువ కిందకి సాగాలి, సాగితే స్వరం పైకి పోతుంది. ఫ్యాక్టరీలో గాడి కావాలనే పైకి వదిలేస్తారు, ఎక్కువ కోస్తే తీగ ఫ్రెట్‌కి తగిలి బజ్ వస్తుంది, తక్కువ కోస్తే కస్టమర్ వేళ్ళే కదా నొప్పి పుట్టేది.

నట్ జోలికి వెళ్ళేముందు నెక్ (ఫ్రెట్లుండే పొడుగు కర్ర) వంపు చూడమంటారు. ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకుల సెట్) కావాలి, మా వీధి బైక్ మెకానిక్ హిందూపురం ఆయన, అడిగితే "గిటారుకి టాపెట్ సెట్టింగా సార్" అని నవ్వి ఇచ్చాడు. మొదటి ఫ్రెట్, 14వ ఫ్రెట్ నొక్కిపట్టి మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర సందు కొలిస్తే 0.45 మి.మీ. ఉంది, అందులో సగం చాలు. సౌండ్‌హోల్‌లోంచి అలెన్ కీ పెట్టి నెక్ లోపలి ఇనప కడ్డీని పావు చుట్టు బిగించి మర్నాటిదాకా ముట్టుకోలేదు, 0.25కి వచ్చింది. ఒకేసారి చుట్టు మొత్తం తిప్పేవాళ్ళకో దండం.

శాడిల్ కూడా ఎత్తుగానే ఉంది, 12వ ఫ్రెట్ దగ్గర లావు ఇ తీగ కింద సందు 3.1 మి.మీ., నాకు 2.5 కావాలి. 0.6 దిగాలంటే శాడిల్ కింద 1.2 అరగదీయాలి, రెట్టింపు, ఎందుకంటే 12 సగం దూరంలో ఉంది. ఉప్పుకాగితం అక్క గ్రానైట్ గట్టు మీద టేప్‌తో అంటించి, పెన్సిల్ గీత గీసుకుని, అడుగు వంకర పోకుండా మెల్లగా రాశా. పిండి కలుపుకునే చోట ఎముక పొడి ఏంట్రా అని తిట్లు వేరే. దాంతో 12 దగ్గర లావు ఇ తేడా 11 సెంట్లు కాస్తా 4 అయింది, బి 3కి దిగింది.

ఇక నట్. దాని ఫైళ్ళ సెట్ ధర చూసి గుండె ఆగింది, ఎస్‌పీ రోడ్‌లో గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే సన్న సూదుల సెట్ దొరికింది, గరుకుగా ఫైల్‌లాగే ఉంటాయి. తీగ మందానికి సరిపడా సూది తీసుకుని హెడ్ వైపు కొంచెం వాలుగా రెండు మూడు సార్లు గీయడం, తీగ పెట్టడం, మూడో ఫ్రెట్ నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడటం. వెంట్రుకంత సందు ఉండాలి. ఐదు తీగలు బానే వచ్చాయి, జి దగ్గర బావ "ఎంతసేపు బావా, క్రికెట్ చూద్దాం రా" అన్నాడు, తొందరలో రెండు గీతలు ఎక్కువ పడ్డాయి. ఉత్త జి తీగ జుయ్యిమని మోగింది. చచ్చాం అనుకున్నా, కానీ దీనికీ మందుంది, గాడిలో చిటికెడు తినేసోడా వేసి పైన ఒక్క బొట్టు ఫెవిక్విక్, క్షణంలో రాయిలా గట్టిపడింది. మళ్ళీ గీశా, ఈసారి ఊపిరి బిగబట్టి.

ఇప్పుడు మొదటి ఫ్రెట్ జి షార్ప్ 3 సెంట్లు ఎక్కువ, నా వేలి ఒత్తిడికే అంత వస్తుంది. పొంగిపోయి అక్కని పిలిచి ఇ మేజర్ కొట్టా. విని "చాలా నయం, ఇంకా కొంచెం పైనే ఉంది" అంది. ఈసారి తప్పు గిటార్‌ది కాదు. తంబురాలో వినిపించే అంతర గాంధారం షడ్జమానికి సుమారు 386 సెంట్ల పైన ఉంటుంది, గిటార్ ఫ్రెట్లు అన్నీ సమానంగా కొట్టినవి కాబట్టి 400 దగ్గర పడుతుంది. పుట్టుకతోనే 14 ఎక్కువ, దాని మీద నట్ పుణ్యమా అని ఇంకో 15, మొదటి రోజు అక్క చెవిలో పడింది మొత్తం 29 అన్నమాట. "వీణకైతే మైనం కరిగించి మెట్టు జరుపుకుంటాం, దీనికి ఆ సదుపాయం లేదా?" అని అడిగింది. లేదక్కా అన్నా.

గేజ్ మెకానిక్‌కి తిరిగిచ్చేశా, తినేసోడా డబ్బా మాత్రం నా బల్ల మీదే ఉంది. ఇ మేజర్ పట్టుకున్నప్పుడల్లా వంటింట్లోంచి ఇప్పటికీ "గాంధారం!" అని ఒక కేక.